అమ్మానాన్నలతో శాన్ హువాన్: ఎల్ మోరో కోటా, శాన్ క్రిస్టోబల్ కోటా?

గోదారిగట్టు: అమ్మానాన్న ఇండియా నుంచి అమెరికాలో మా దగ్గరికి వచ్చారు. ప్యూర్టో రికో తీసుకెళ్దామనుకుంటున్నాం, అమెరికా కిందే ఉన్న కరీబియన్ దీవి, డొమెస్టిక్ ఫ్లైటే కాబట్టి వీసా స్టాంపింగ్ గొడవ లేదు. శాన్ హువాన్ పాత ఊళ్లో ఒక్క పూటే ఉంటాం. రెండు కోటల్లో ఏది చూపించాలి? నాన్నకి మోకాళ్ల నొప్పులు.

కోటలపిచ్చి: ఎల్ మోరో. ఇంకో మాటే లేదు. స్పెయిన్ వాళ్లు 1539లో మొదలుపెట్టి 250 ఏళ్లు పెంచుకుంటూ పోయిన కోట. సరిగ్గా రేవు మూతి దగ్గర ఆరు అంతస్తుల్లో నిలబడి ఉంటుంది. 1595లో ఇంగ్లండ్ నావికుడు డ్రేక్ అంతటివాడు ఓడలతో దాడికి వచ్చి దెబ్బతిని పోయాడు. ఎవరికీ లొంగని కోట అది.

పాలమూరు పిల్ల: ఎవరికీ లొంగలేదా? 1598లో ఇంకో ఇంగ్లండ్ దొర, కంబర్లాండ్ ఎర్ల్, పట్టుకున్నాడు కదా. రేవు జోలికి పోకుండా తూర్పున దిగి, నేల మీదుగా వచ్చాడు.

కోటలపిచ్చి: పట్టుకుని ఏం చేశాడండీ? సైన్యానికి రక్తవిరేచనాలు పట్టుకుంటే వదిలేసి ఓడలెక్కాడు. 1625లో డచ్చివాళ్లు ఊరు తగలబెట్టినా కోట దక్కలేదు. దీన్ని ఓటమి అనరు.

పాలమూరు పిల్ల: శత్రువు లోపల కూర్చున్నాక దాన్ని ఓటమే అంటారు. నేల వైపు కాపలా లేదని అర్థమయ్యాకే శాన్ క్రిస్టోబల్ కట్టారు.

గోదారిగట్టు: మోకాళ్ల సంగతి కూడా చెప్పండి, ప్లీజ్.

టెక్సాస్ కోడలు: నేను చెప్తా. ఎల్ మోరో ముందు పెద్ద గడ్డి మైదానం ఉంటుంది, చెట్టు నీడ ఉండదు. టూర్ వాళ్లు మమ్మల్ని దాని మొదట్లో దింపి చేతులు దులుపుకున్నారు. అత్తయ్యగారికి సగం దారిలోనే కళ్లు తిరిగాయి. వెనక్కి తెచ్చి పిరాగువా బండి పక్కన కూర్చోబెట్టాం. బండాయన ఐసు గడ్డని గీరి, కాగితం గ్లాసులో వేసి, చింతపండు సిరప్ పోసిచ్చాడు. ఆవిడ చూసిన ఎల్ మోరో అంతే. మా ఆయన మాత్రం లోపల గంటన్నర ఫొటోలు తీసుకున్నారు. నాకు ఇప్పటికీ మండుతుంది.

కోటలపిచ్చి: అది టూర్ వాళ్ల తప్పు, కోట తప్పు కాదు. పొద్దున్నే వెళ్లాలి. మళ్లీ చెప్తున్నా, 1598 ఒక్కటి పట్టుకుని...

పాలమూరు పిల్ల: మీకు ఫిరంగులు తప్ప మనుషులు కనపడరా?

కోటలపిచ్చి: నేను చదివినంత మీరు చదివి ఉండరు. మర్యాదగా మాట్లాడండి.

పాలమూరు పిల్ల: చదివే మాట్లాడుతున్నా. నా బాధ 1598 గురించి కాదు. డ్రేక్ పేరు చెప్పారు. ఆ రాళ్లు మోసినవాళ్ల ఊసు ఒక్కసారైనా ఎత్తారా? 1765 తర్వాత ఆ గోడల్ని ఇప్పుడున్నంతగా పెంచినప్పుడు పని చేసినవాళ్లలో శిక్షపడ్డ ఖైదీలున్నారు, బానిసలున్నారు. డబ్బేమో మెక్సికో వెండి. ఆ దీవిలో బానిసత్వం 1873 దాకా పోలేదు. మా తాత పాలమూరు లేబరు. ఊరిడిచి డ్యాముల కాడ మట్టి మోసిండు. అక్కడి శిలాఫలకాల మీద మంత్రుల పేర్లే ఉన్నయ్. అందుకే "లొంగని కోట" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

కోటలపిచ్చి: మీ తాతగారి మీద నాకూ గౌరవమే. కానీ గోడ చూసి నేను దండం పెట్టేది రాజుకి కాదు, పనితనానికి. ఎక్కడికెళ్లినా ముందు కన్నీళ్ల కథే చెప్పాలంటే మా పిల్లలు కోట మొహమే చూడరు.

పాలమూరు పిల్ల: మా పిల్లలకి నేను ముందు అదే చెప్పిన. విన్నారు, చూశారు కూడా.

ఒహాయో వాసి: పది డాలర్ల టికెట్ ఒకటే, 24 గంటల్లో రెండు కోటలూ చూడొచ్చు. పెద్దవాళ్లుంటే శాన్ క్రిస్టోబల్ నయం, కారు గేటు దగ్గర దింపుతుంది. లోపల ఏటవాలు మాత్రం ఉంది.

గోదారిగట్టు: నాన్న ఇదంతా చదివారు. రిటైరయ్యేదాకా ఆయన ఇరిగేషన్‌లోనే పనిచేశారు. ఎల్ మోరోకే పోదాం, వీల్‌చైర్లో తోసుకెళ్లు అంటున్నారు. లోపలి పెద్ద వాకిలి దాకా వెళ్తుందా?

కోటలపిచ్చి: వెళ్తుంది. కింది అంతస్తులకి మాత్రం కుదరదు, మెట్లు బాగా నిటారుగా ఉంటాయి.

పాలమూరు పిల్ల: గొడుగు మర్చిపోకండి. అక్కడ రేంజర్ (కోట చూసుకునే పార్కు ఉద్యోగి) కనపడితే ఖైదీల గురించి అంకుల్‌నే అడగమనండి.