కన్వేయర్ రోలర్లలో 6205 బదులు 6305 బేరింగ్ వేస్తే ఎక్కువ కాలం మన్నుతాయా?

కొత్త మెయింటెనెన్సు:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటూ, ఊరికి దగ్గరలోని ఒక సున్నపురాయి క్రషింగ్ యూనిట్‌లో మెయింటెనెన్సు చూస్తున్నాను. మా ప్రధాన కన్వేయరుది 1,000 మిల్లీమీటర్ల బెల్టు, సెకనుకు 2.5 మీటర్ల వేగంతో గంటకు 1,000 టన్నుల రాయి మోస్తుంది. బెల్టును కింద నుంచి మోసే మూడు రోలర్ల సెట్లు, అంటే ఐడ్లర్లు, 1.2 మీటర్లకొకటి ఉన్నాయి. రోలర్ వ్యాసం 139.7 మిల్లీమీటర్లు, షాఫ్టు 25 మిల్లీమీటర్లు, బాల్ బేరింగ్ నంబరు 6205. ఏడాది రెండేళ్లకే రోలర్లు జామ్ అవుతున్నాయి, రాయి బెల్టు మీదకు జారిపడే చ్యూటు కింద అయితే ఇంకా ముందే పోతున్నాయి. కొత్త టెండరులో 6305 అడగాలన్నది మా పై అధికారి ఆలోచన. రెండింటికీ లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లే కాబట్టి షాఫ్టు మార్చనక్కరలేదు. కేటలాగులో డైనమిక్ లోడ్ రేటింగ్ (తిరుగుతూ బేరింగ్ మోయగల భారానికి కొలత) 6205కు 14 కిలోన్యూటన్లు ఉంటే 6305కు 23 దాకా ఉంది. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాణిగంజ్ కౌంటర్:
ఏ నంబరు తీసుకున్నా సీ3 క్లియరెన్స్ (బంతులకూ రింగులకూ మధ్య మామూలుకన్నా ఎక్కువ సందు) ఉన్నదే అడగండి. అధీకృత డీలరు బిల్లు లేకుండా కొనకండి, ఎందుకంటే నకిలీ సరుకు మీద ముద్ర కూడా అసలుదానిలాగే ఉంటుంది.

డిజైన్ లెక్చరర్, కూకట్‌పల్లి:
మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేస్తాను. గంటకు 1,000 టన్నులు, సెకనుకు 2.5 మీటర్లు అంటే మీటరు బెల్టు మీద 111 కిలోల రాయి ఉంటుంది. బెల్టు బరువు మీటరుకు 15 కిలోలు అనుకుంటే ఒక్కో ఐడ్లర్ సెట్టు మీద పడేది దాదాపు 150 కిలోలు. అందులో నూటికి 70 వంతులు మధ్య రోలరే మోస్తుంది. తిరిగే గొట్టం బరువు ఓ పది కిలోలు కలిపి రెండు బేరింగులకు పంచితే ఒక్కోదాని మీద 58 కిలోలు, అంటే 0.57 కిలోన్యూటన్లు పడుతుంది. రేటింగును ఈ భారంతో భాగించి ఘనం చేస్తే బాల్ బేరింగ్ ఆయుష్షు మిలియన్ చుట్లలో వస్తుంది. మీ రోలర్ నిమిషానికి 342 చుట్లు తిరుగుతుంది కాబట్టి 6205కు ఏడు లక్షల గంటల పైమాటే, అంటే రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా 80 ఏళ్లు. 6305 వేస్తే 32 లక్షల గంటలు వస్తాయి.

ఎనభై ఏళ్లు రావలసినది రెండేళ్లలో పోతున్నదంటే అది లోహపు అలసట (పదేపదే భారం పడి లోహం చిట్లడం) వల్ల పోవడం లేదని అర్థం. 1947లో లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ అనే పరిశోధకులు స్థిరపరచిన ఈ సూత్రం అలసటను మాత్రమే లెక్కిస్తుంది. దుమ్ము, నీరు, ఎండిపోయిన గ్రీజు దాని లెక్కలోకి రావు. అందుకే బేరింగ్ ఆయుష్షు లెక్కకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం, 2007 నాటి ఐఎస్‌ఓ 281లో మాలిన్యానికి ఒక గుణకం ఉంది. అతి శుభ్రమైన చోట అది 1, బేరింగ్ నిండా మురికి చేరిన చోట సున్నా. సున్నా దగ్గర ఉన్న గుణకాన్ని పెద్ద బేరింగ్ పైకి తేలేదు.

బాలానగర్ వర్క్‌షాప్:
లెక్చరర్ గారు చెప్పినది అక్షరాలా నిజం. మేము రోలర్లు తయారుచేసి సిమెంటు, బొగ్గు ప్లాంట్లకు ఇస్తాము. వాపసు వచ్చిన రోలర్ గొట్టాన్ని కోసి చూస్తే, దుమ్మూ నీరూ లోపలికి రాకుండా ఆపే సీలు గాడుల్లో తడిసి గట్టిపడిన రాతిపొడి, దాని వెనుక గ్రీజు స్థానంలో నల్లటి ముద్ద, ఆ ముద్దలో కేజ్ (బంతులను ఎడంగా పట్టి ఉంచే చట్రం) ముక్కలు, తుప్పుపట్టి గోధుమరంగుకు తిరిగిన బంతులు కనిపిస్తాయి. ఇక్కడ చచ్చింది సీలు; బేరింగ్ దాని వెంట పోయింది. వేడెక్కిన రోలర్‌ను ఆపి చన్నీళ్లు కొడితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. పేరు చెప్పని ఒక ప్లాంటులో ప్రతి షిఫ్టు చివరా ప్రెషర్ పంపుతో రోలర్ల మీద నీళ్లు కొట్టేవారు. వారంటీలోపే జామ్ అయ్యాయని మా బిల్లులో పది శాతం ఇప్పటికీ ఆపి ఉంచారు. పంపు గురించి రాసిన ఉత్తరానికి జవాబే లేదు.

ఉప్పల్ విద్యార్థి:
సార్, రోలర్‌లో షాఫ్టు కదలదు, బయటి రింగు తిరుగుతుంది. అటువంటప్పుడు భారాన్ని 1.2తో గుణించాలని మా పాఠ్యపుస్తకంలో ఉంది. మీ లెక్కలో అది లేదు.

డిజైన్ లెక్చరర్, కూకట్‌పల్లి:
ఇప్పటి ఐఎస్‌ఓ 281లో ఆ గుణకం లేదు. గుణించినా ఏడు లక్షల గంటలు నాలుగు లక్షలవుతాయి, నిర్ణయం మారదు.

ఉప్పల్ విద్యార్థి:
నిర్ణయం సంగతి కాదు సార్, లెక్క సరిగా ఉండాలి కదా. గుణించకపోతే పరీక్షలో మార్కులు పోతాయి.

పాత ఫోర్‌మన్, నాచారం:
1.2 గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు ఆ 0.57 కిలోన్యూటన్లు ఎక్కడివో చూడండి. రోలర్లను పట్టే ఫ్రేములన్నీ ఒకే మట్టాన ఉండి, రాయి బెల్టు మీద పొడిలా మెత్తగా పడితే వచ్చే అంకె అది. బెల్టు బిగువు 60 కిలోన్యూటన్లు ఉన్న చోట ఒక్క ఫ్రేము పక్కవాటికన్నా 10 మిల్లీమీటర్లు ఎత్తుగా కూర్చుంటే, ఆ ఒక్క సెట్టు మీద అదనంగా ఒక కిలోన్యూటన్, అంటే నూరు కిలోలకు పైగా పడుతుంది. చ్యూటు కింద మీటరు ఎత్తు నుంచి పడే ఇరవై కిలోల బండ దెబ్బ వేరే. అన్నీ కలిసి భారం మూడింతలైతే ఆయుష్షు ఇరవై ఏడో వంతుకు పడిపోతుంది. మీ ఏడు లక్షల గంటలు 27 వేలకు దిగుతాయి, అంటే మూడేళ్లు. ఆ మూడేళ్లు కూడా నూటికి తొంభై బేరింగులకే. ఒక కిలోమీటరు కన్వేయరులో మోత వైపే 2,500 రోలర్లు, 5,000 బేరింగులు ఉంటాయి. వాటిలో పదో వంతంటే అయిదు వందలు. పుస్తకం వాటిని మామూలు నష్టంగా లెక్కిస్తుంది, కానీ ఎక్కడో ఒక రోలర్ జామ్ అయిన ప్రతిసారీ నిచ్చెన పట్టుకుని పరుగెత్తవలసినవాళ్లం మేము.

అయినా 6305 వెయ్యమని నేను అనను. దాని లోపలి రంధ్రం కూడా 25 మిల్లీమీటర్లే కనుక షాఫ్టు అదే సన్నంగా ఉండిపోతుంది. భారం పడినప్పుడు షాఫ్టు వంగుతుంది, బేరింగ్ దగ్గర ఓరగా నిలుస్తుంది. 0.57 కిలోన్యూటన్లకు, 400 మిల్లీమీటర్ల నిడివిలో, ఆధారం నుంచి లోపలివైపు 40 మిల్లీమీటర్ల దూరంలో బేరింగ్ ఉంటే ఆ వాలు దాదాపు 3 నిమిషాలు; నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. భారం మూడింతలైతే 9 దాటుతుంది. ఈ రకం బాల్ బేరింగ్ ఓర్చుకునేది, క్లియరెన్సును బట్టి, 2 నుంచి 10 నిమిషాలే. షాఫ్టు 30 మిల్లీమీటర్లు చేస్తే గట్టితనం నాలుగో ఘాతంలో పెరిగి రెట్టింపవుతుంది, వాలు సగమవుతుంది. కాబట్టి చ్యూటు కింద వెయ్యవలసినది 30 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న 6206. దాని రేటింగ్ 20 దగ్గరే, 6305 కన్నా తక్కువే. అయినా అదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇవన్నీ నేను ఉద్యోగంలో ఉండగానే రాసి ఇచ్చాను. జామ్ అయిన రోలర్ రాపిడికి బొగ్గుపొడి అంటుకుని బెల్టు కాలినప్పుడు మెమో నాకు వచ్చింది, ఇంక్రిమెంటు నాది ఆగింది. సన్నని షాఫ్టు రోలర్లు కొన్నవారినీ అమ్మినవారినీ ఎవరూ ఒక్క మాట అడగలేదు.

బాలానగర్ వర్క్‌షాప్:
ఫోర్‌మన్ గారూ, మీ మీద జరిగిన దానికి నాకూ బాధగా ఉంది. కానీ డ్రాయింగులో షాఫ్టు 25 అని రాసిచ్చేది ప్లాంటు, తక్కువ ధర వేసినవారికి ఆర్డరు ఇచ్చేది ప్లాంటు. 30 మిల్లీమీటర్ల షాఫ్టుతో ధర వేసినవాడి కొటేషను తెరిచిన రోజే పక్కకు పోతుంది. పైగా నీళ్లు లోపలికి పోయాక షాఫ్టు 30 అయినా 40 అయినా చేసేదేమీ లేదు.

పాత ఫోర్‌మన్, నాచారం:
నీళ్లు, నీళ్లు అని ఒకటే మాట పట్టుకున్నారు. నీళ్లు సోకని రోలర్లు కూడా పోతాయి, నేను కోసి చూశాను. రేకును ప్రెస్సు చేసి తీసిన హౌసింగును, అంటే బేరింగ్ కూర్చునే గిన్నెను, గొట్టానికి ఒకవైపు వెల్డింగు చేసి, అది చల్లారాక రెండోవైపు చేస్తే రెండు హౌసింగుల కేంద్రాలు ఒకే గీత మీద ఉండవు. అందులోకి బేరింగును దించేటప్పుడు బయటి రింగును నొక్కవలసిన చోట లోపలి రింగును నొక్కితే, ఆ ఒత్తిడి అంతా బంతుల గుండా పోయి, అవి దొర్లే గాడిలో బంతుల ఎడానికి సరిగ్గా గుంటలు పడతాయి. మొదటి రోజు నుంచే ఆ రోలర్ గరగరమంటుంది. కదలని లోపలి రింగు మీద బంతుల జాడ తిన్నగా ఉన్నదా, ఒక అంచు నుంచి రెండో అంచుకు ఓరగా పోయిందా చూడండి. ఓరగా ఉంటే తప్పు షాఫ్టుది, జాడ చుట్టూ వెడల్పుగా పరుచుకుని ఉంటే హౌసింగుది అయి ఉంటుంది గాని సీలుది కాదు. దీన్ని ఏ వర్క్‌షాపూ ఒప్పుకోదు.

బాలానగర్ వర్క్‌షాప్:
మా వర్క్‌షాపులో అడుగు పెట్టకుండా ఈ మాట అనడం తగదు. మేము రెండు వైపులా ఒకేసారి వెల్డింగు చేసే యంత్రం పెట్టుకున్నాము, బేరింగును ఉంగరం పెట్టి బయటి రింగు మీదే నొక్కుతాము. గొట్టం కూడా ఐడ్లర్ గొట్టాల భారత ప్రమాణం ఐఎస్ 9295 ప్రకారం ఉన్నదే వాడతాము. మీ ప్లాంట్లలో ఏం జరుగుతుందో నేనూ చెప్పగలను. ఫ్రేము మీద ప్యాచ్ వెల్డింగు చేసేటప్పుడు ఎర్తు కేబులు దగ్గరలో పెట్టకుండా ఎక్కడో తగిలిస్తారు. కరెంటు రోలర్ల గుండా పోయి గాడుల్లో కాలిన గుంటలు పడతాయి. ఆ రోలర్లు మూడు నెలల తర్వాత మా ఇంటి ముందుకు వస్తాయి, డబ్బు మాత్రం రాదు.

రాణిగంజ్ కౌంటర్:
వ్యక్తిగతంగా పోకండి సార్లూ.

స్టోర్స్ అకౌంట్స్, ఈసీఐఎల్:
నేను ఒక ప్లాంటు స్టోర్స్ లెక్కలు చూస్తాను. జామ్ అయిన రోలర్లను మా దగ్గర ఎవరూ కోసి చూడరు. కుప్ప పెరగగానే కిలోల లెక్కన స్క్రాపుకు పోతాయి. ఏ కారణంతో పోయిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. వారంటీ కాగితంలో మాత్రం ‘జామ్ అయితే ఉచితంగా కొత్తది’ అని ఒకే వాక్యం ఉంటుంది. ఫోర్‌మన్ గారు చూసిన ఓర జాడ, వర్క్‌షాపు వారు చూసిన తుప్పు రెండూ నిజమే అయి ఉండవచ్చు. కానీ ఏది ఎన్నింటిలో ఉందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేనప్పుడు బిల్లు ఆపడానికి గానీ మెమో ఇవ్వడానికి గానీ ఆధారమేమిటి?

పాత ఫోర్‌మన్, నాచారం:
ఆధారం చూపవలసినది అమ్మినవారే. ప్లాంటు డబ్బు పెట్టి కొన్నది; వస్తువు ఎందుకు ఆగిపోయిందో కొన్నవాడు నిరూపించాలనడం ఏ వ్యాపారంలోనూ లేదు.

బాలానగర్ వర్క్‌షాప్:
ఇప్పుడు అసలు సంగతికి వచ్చారు. మీరు 6205, 6305 గురించి గానీ షాఫ్టు గురించి గానీ నాతో వాదించడం లేదు. నష్టం ఎవరి నెత్తిన పడాలన్నదే వాదన. నా కళ్లముందు లేని చోట, నాకు తెలియకుండా నీళ్లు కొట్టి, వెల్డింగు చేసి, ఫ్రేములు ఎగుడుదిగుడుగా కూర్చోబెట్టి, చివరికి రోలర్‌ను స్క్రాపుకు అమ్మేశాక నన్ను నిరూపించమంటే నేను దేనితో నిరూపించాలి?

డిజైన్ లెక్చరర్, కూకట్‌పల్లి:
ఫోర్‌మన్ గారి షాఫ్టు లెక్కను నేను మళ్లీ వేసి చూశాను, సరిగానే ఉంది. ఒక్క విషయం చేరుస్తాను. ఖాళీ బెల్టు వెనక్కి వచ్చే వైపు, తేలిక భారం ఉండే రిటర్న్ రోలర్లలో కూడా 6305 వేస్తే నష్టమే జరగవచ్చు, ఎందుకంటే బాల్ బేరింగ్ మీద రేటింగులో కనీసం నూరో వంతు భారమైనా లేకపోతే బంతులు దొర్లకుండా జారి గాడిని గీకుతాయి. 6305 విషయంలో ఆ కనీసం 0.23 కిలోన్యూటన్లు.

కొత్త మెయింటెనెన్సు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న చ్యూటు కింది ఫ్రేముల మీదుగా దారం లాగి చూశాము. రెండు ఫ్రేములు దారాన్ని పైకి నెడుతున్నాయి. వాటిని ముందు సరిచేయిస్తాను. చ్యూటు భాగానికి 30 మిల్లీమీటర్ల షాఫ్టు, 6206 బేరింగ్, దెబ్బను తట్టుకునే రబ్బరు రింగుల ఇంపాక్ట్ రోలర్లు అడుగుతాము, ఐడ్లర్ల మధ్య ఎడం కూడా తగ్గిస్తాము. మిగతా చోట్ల 6205నే ఉంచి సీలుకు నీటి పరీక్ష షరతు పెడతాము. జామ్ అయిన రోలర్లను స్క్రాపుకు పంపకుండా, సరఫరాదారు మనిషి ఎదుట కోసి, కారణం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలని కూడా చేర్చమని పై అధికారిని అడిగాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

పాత ఫోర్‌మన్, నాచారం:
కొయ్యడానికి ముందు రోలర్ ఏ ఫ్రేములో, ఏ స్థానంలో ఉండేదో పెయింటుతో రాయించండి. మధ్యదో పక్కదో తెలియకపోతే కోసినా సగమే తెలుస్తుంది. ఆ కోత ఖర్చు మాత్రం సరఫరాదారుదే కావాలి.

బాలానగర్ వర్క్‌షాప్:
ఖర్చు సగం సగం. సంతకం షరతు టెండరులో ఉంటే 6206కు నేను కొటేషను ఇస్తాను, లేకపోతే ఇవ్వను.