డెస్క్‌టాప్‌కు ‘బాహ్య మానిటర్’ అనవచ్చునా?

ప్రశ్న: మా పాఠశాల కంప్యూటర్ గదిలో అతికించడానికి ఒక సూచనల పత్రం రాస్తున్నాను. ‘డెస్క్‌టాప్ కంప్యూటరుకు బాహ్య మానిటర్‌ను అనుసంధానించుట’ అని శీర్షిక పెడితే కృతకంగా ఉందని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. పెద్దలు సరిదిద్ద ప్రార్థన.

జవాబు: మాస్టారూ, కృతకత్వం సంగతి అటుంచి, అసలు చిక్కు ‘బాహ్య’ అన్న విశేషణంలో ఉంది. ల్యాప్‌టాప్‌కు సొంత తెర ఒకటి మూతలోనే ఉంటుంది కనుక, దానికి వేరుగా తెచ్చిపెట్టేదాన్ని బాహ్య మానిటర్ అనడం సబబే. డెస్క్‌టాప్‌కు ఏ మానిటరైనా బయటే ఉంటుంది. లోపలి మానిటర్ అంటూ లేనప్పుడు ‘బాహ్య’ దేన్నుంచి దేన్ని వేరుచేస్తుంది? తెర వెనకే కంప్యూటరంతా ఇమిడి ఉండే ఆల్-ఇన్-వన్ యంత్రాలను మినహాయిస్తే, మీరు చెప్పదలచినది ‘రెండో మానిటర్’ అని నా అభిప్రాయం.

‘అనుసంధానించుట’ తప్పు కాదు. నదులకూ, ఆధార్ సంఖ్యకూ, బ్యాంకు ఖాతాలకూ ఆ మాట బాగానే అతుకుతుంది. కాని కేబుల్ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి చేతితో ఏం చేయాలో అది చెప్పదు. మానిటర్‌కు బొమ్మను చేరవేసే కేబుళ్లలో వీజీఏ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ అని రకాలున్నాయి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతిలో కేబుల్ కొసన 5 చొప్పున 3 వరుసల్లో 15 పిన్నుల చోటు, రెండు పక్కలా మరలు ఉంటాయి కనుక, దాన్ని పిన్నులు వంగకుండా దూర్చి, మరలు బిగించాలి. హెచ్‌డీఎంఐకి మరలుండవు, గుచ్చితే చాలు. డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో చాలావాటికి చిన్న కొక్కేలుంటాయి. గుచ్చినప్పుడు అవే పట్టుకుంటాయి గాని, ఊడదీసేటప్పుడు పైనున్న మీట నొక్కి పట్టుకుని లాగాలి. ఇక్కడ ‘తీయవలెను’ అని ఊరుకుంటే పిల్లలు బలంగా పీకుతారు, పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) పాడవుతుంది. అందుచేత శీర్షికలో ‘కలపడం’ అని ఉంచి, లోపల దూర్చడం, బిగించడం, గుచ్చడం, నొక్కి లాగడం అని ఏ కేబులుకు తగిన క్రియ దానికి వాడండి.

ఇంకొక మాట జాగ్రత్తగా వాడాలి. సీపీయూ అంటే నిజానికి లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ చిప్ మాత్రమే అయినా, మనవాళ్లు పెట్టె మొత్తాన్ని సీపీయూ అంటారు. ఆ వాడుకను సరిదిద్దబూనడం వృథా ప్రయాస. అయితే మీ పత్రంలో ‘సీపీయూలో గ్రాఫిక్స్ ఉంటే’ అని రాశారంటే, పెట్టెలో విడిగా బిగించిన గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారుచేసే పలక) సంగతా, ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ సంగతా అన్నది తేలదు. ఈ తేడా పనికి ముఖ్యం: కార్డు ఉన్న పెట్టెలో మానిటర్ కేబుళ్లను కార్డు పోర్టులకే గుచ్చాలి. మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన పలక) పోర్టుకు గుచ్చితే, ప్రాసెసరులో గ్రాఫిక్స్ లేనప్పుడు తెర నల్లగానే ఉండిపోతుంది. కాబట్టి పెట్టెను ‘సీపీయూ పెట్టె’ అనీ, లోపలి చిప్‌ను ‘ప్రాసెసర్’ అనీ రాయండి.

ప్రశ్న: కృతజ్ఞతలండీ. విండోస్ మీటతో పీ అక్షరం నొక్కితే వచ్చే ‘డూప్లికేట్’, ‘ఎక్స్‌టెండ్’ అన్నవాటికి ‘నకలు’, ‘పొడిగింపు’ సరిపోతాయా?

జవాబు: ‘నకలు’ అంటే మనకు ధ్రువపత్రాల నకళ్లు గుర్తొస్తాయి, ‘రెండు తెరల మీదా ఒకటే’ అంటే పొడుగైనా వెంటనే బోధపడుతుంది. ‘పొడిగింపు’ గడువులకు స్థిరపడిపోయింది. ‘సాగదీయడం’ అంటే బొమ్మే సాగిపోతుందని అనుకుంటారు. ‘విస్తరించడం’ మేలు. కాని తెర మీద ఆంగ్లంలోనే కనిపిస్తుంది కనుక, ‘ఎక్స్‌టెండ్’ అని ముందు రాసి, దాని పక్కన ‘రెండు తెరలూ కలిసి ఒకే వెడల్పాటి బల్లలా పనిచేస్తాయి’ అని వివరం ఇవ్వండి. బల్లమీద రెండో మానిటర్ ఎడమవైపు ఉంటే, డిస్‌ప్లే సెట్టింగులలో కూడా దాన్ని ఎడమవైపుకే జరపాలని అక్కడే చేర్చండి. లేకపోతే మౌస్ బాణం ఎడమ అంచున ఆగిపోతుంది, పిల్లలు కేబుల్ పాడైందనుకుంటారు.