సమస్యాపూరణం: చెవులు మూసి పాట చెలఁగి వినిరి

ఈ వారం సమస్య (పద్యం ఈ పాదంతోనే ముగియాలి, పై మూడు పాదాలు మీరు పూరించాలి):

చెవులు మూసి పాట చెలఁగి వినిరి

ఇది ఆటవెలది చివరి పాదం. యతి చె–చె. సందర్భం కూడా నేనే ఇస్తున్నాను: నేస్తాలతో కలిసి నగరానికి వెళ్ళి, ఎన్నాళ్ళుగానో అభిమానించిన బ్యాండును కళ్ళారా చూడటం. 2025 జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్‌లోని మొతేరా స్టేడియంలో బ్రిటిష్ రాక్ బ్యాండు కోల్డ్‌ప్లే కచేరీలు జరిగాయి. మన వైపు నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా నేరుగా అక్కడే దిగొచ్చు. వెళ్ళినవాళ్ళు ఈ సమూహంలోనూ ఉన్నారు. చెవులు మూసుకుంటే పాట ఎలా వినపడుతుంది, పైగా ‘చెలఁగి’ ఎలా వింటారు? కారణం పద్యంలోనే కుదరాలి, బయట వివరణ రాయకూడదు.

హైదరాబాద్ నుంచి ఒక సోదరి:

మిత్రులెల్లఁ గూడి మెట్రోన దిగివచ్చి
పెద్ద పెట్టె లెదుటఁ బేర్మి నిలిచి
నురుగు ముక్క దూర్చి నొప్పి తెలియకుండఁ
జెవులు మూసి పాట చెలఁగి వినిరి

నిర్వాహకుడు: అమ్మా, చక్కని పూరణ. అభినందనలు. ‘పెద్ద పెట్టెలు’ అంటే స్పీకర్లని చదవగానే తెలిసిపోతోంది. ఆ రెండు రాత్రులూ మెట్రో వేళలు పొడిగించారు కాబట్టి ‘మెట్రోన దిగివచ్చి’ అన్న మాటకు తిరుగు ప్రయాణం కూడా దొరికింది! నాకు బాగా నచ్చింది మూడో పాదం. ఇయర్‌ప్లగ్ అంటే పాట మీద ఇష్టం లేనివాళ్ళ పని అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు భరించవచ్చని లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి సగం తగ్గుతూ, 100 దగ్గరకు వచ్చేసరికి పదిహేను నిమిషాలే మిగులుతాయి. కచేరీ ఏమో రెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ స్థలాలకు పెట్టిన ప్రమాణంలోనూ సగటు 100 డెసిబెల్స్ దాటకూడదనే ఉంది. ఆ నురుగు ముక్కను సరిగ్గా పెట్టుకోవాలి సుమా. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి పట్టుకుని లోపలికి తోయాలి. అది మళ్ళీ ఉబ్బి నిండేదాకా వేలితో అదిమి ఉంచాలి. అప్పుడు పాట ఆగిపోదు, మోత మాత్రం తగ్గుతుంది. కాబట్టి మీ పద్యంలో ‘వినిరి’ నూటికి నూరు పాళ్ళూ నిజం.

వరంగల్ నుంచి ఒక మిత్రుడు:

పుష్యమాస రాత్రి పోటెత్తఁ జలిగాలి
తలకు మఫ్లరు నొకటి తగులఁ జుట్టి
కోరి వచ్చినట్టి కోల్డ్‌ప్లేను గాంచుచుఁ
జెవులు మూసి పాట చెలఁగి వినిరి

నిర్వాహకుడు: మొదటి పాదం బాగుంది, ‘పోటెత్తఁ జలిగాలి’ చదువుతుంటే నిజంగానే చలి వేసింది. రెండో పాదంలో ఒక లఘువు ఎక్కువైంది. ‘మఫ్లరొకటి’ అంటే గణాలు సరిపోతాయి. భావం మాత్రం ఇంకా పదును పెట్టాలి. మఫ్లరు రైల్లోనూ కట్టుకుంటాం, పొలం గట్టు మీదా కట్టుకుంటాం. చెవులు మూయడానికి, పాటకు మధ్య లంకె కనబడటం లేదు.

వరంగల్ మిత్రుడు: గురువుగారూ, సవరణకు ధన్యవాదాలు. లంకె కోసం మళ్ళీ ప్రయత్నిస్తాను.

గుంటూరు నుంచి ఒక విద్యార్థి:

దొరకలేదు టికెటు, తోడు నేస్తాలతో
గదినిఁ గుఱ్ఱలెల్లఁ గలిసి చేరి
తలకు హెడ్డుఫోన్లు తగిలించి తెరముందుఁ
జెవులు మూసి పాట చెలఁగి వినిరి

ఖమ్మం మాస్టారు: ఆర్యా, ఒక సందేహం. టికెటు, హెడ్డుఫోన్లు, మఫ్లరు... పద్యంలో ఇన్ని ఇంగ్లీషు మాటలు పడితే దోషం కాదా?

నిర్వాహకుడు: మాస్టారూ, వస్తువే అలాంటిది. జనం నోట నలిగిన మాట గణంలో ఒదిగితే నాకేమీ అభ్యంతరం లేదు. హెడ్‌ఫోన్‌కు సంస్కృత సమాసం కడితే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. తమ్ముడూ, నీ ఊహ మంచిది. 26వ తేదీ కచేరీని ఓటీటీలో లైవ్ ఇచ్చారు కాబట్టి టికెట్ దొరకని లక్షలమందికి ఇదే జరిగింది. కానీ ‘తోడు నేస్తాలతో’, ‘ఎల్ల’, ‘కలిసి’ అని ఒకే సంగతి మూడుసార్లు చెప్పావు. ఆటవెలదిలో ఉన్నదే నాలుగు పాదాలు, అంత చోటు వృథా చేయకూడదు. మొదటి పాదాన్ని ఇలా మార్చి చూడు:

దొరకలేదు టికెటు; దూరాన హాస్టలు
గదినిఁ గుఱ్ఱలెల్లఁ గలిసి చేరి

యతి దొ–దూ కుదిరింది, ‘గది’ ఎక్కడిదో కూడా తెలిసింది. టికెట్ దొరకనివాళ్ళ ఊరికీ, పాట జరిగే నగరానికీ మధ్య ఉన్న దూరం ఒక్క మాటలో వచ్చేసింది.

విశాఖ నుంచి సౌండ్ ఇంజనీరు పని చేసే మిత్రుడు:

పాడువారె తమదు పాటకై చెవిలోన
బుల్లి యంత్రమొకటి పొందుపఱచి
లక్ష గొంతులరవ లయ తప్పనీయక
చెవులు మూసి పాట చెలఁగి వినిరి

నిర్వాహకుడు: బ్రహ్మాండం! అందరూ వినేవాళ్ళ వైపు చూస్తుంటే మీరు వేదిక ఎక్కారు. ‘పాడువారె’ (పాడేవాళ్ళే) అన్న ఏవకారం ఎంత బలంగా పడిందో! ఎందుకు చెవులు మూయాలో మీ మాటల్లోనే అందరికీ చెప్పండి.

విశాఖ మిత్రుడు: ధన్యవాదాలండీ. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. వంద మీటర్ల అవతల జనం చప్పట్లు కొడితే, ఆ చప్పుడు వేదిక మీదికి దాదాపు మూడో వంతు సెకను ఆలస్యంగా వస్తుంది. దాన్ని నమ్ముకుంటే తాళం తప్పడం ఖాయం. అందుకే గాయకులు చెవి రంధ్రాన్ని పూర్తిగా మూసే ఇన్‌-ఇయర్ మానిటర్లు పెట్టుకుంటారు. బయటి హోరు తగ్గి, తమ గొంతు, తాళం వేసే క్లిక్ స్పష్టంగా వినబడతాయి. చెవులకూ రక్షణే. కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్‌కు టినిటస్ ఉంది. బయట ఏ చప్పుడూ లేకున్నా చెవిలో హోరు వినబడుతూనే ఉండే బాధ అది. వినేవాళ్ళు చెవులు కాపాడుకోవాలని ఆయన బహిరంగంగా చెబుతూ వస్తున్నాడు.

నిర్వాహకుడు: మూడో పాదానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను రాయలేను.

ఖమ్మం మాస్టారు: నాదొక ప్రయత్నం.

పుట్టుచెవిటివారు పులకించి చొక్కాలఁ
గదలు నాదమెల్లఁ గనుచు నెదను
విధియె శాపమొసఁగ వెఱవక యవ్వారు
చెవులు మూసి పాట చెలఁగి వినిరి

నిర్వాహకుడు: మాస్టారూ, గణాలు, యతులు నిర్దోషం. ఊహ చాలా గొప్పది, వాస్తవం కూడా. ఈ బ్యాండు తన ప్రపంచ పర్యటనలో బధిర శ్రోతల కోసం ధ్వని కంపనాలను ఒంటికి తెలిపే తొడుగులను, సైగభాషలో పాటను చెప్పేవారిని ఏర్పాటు చేస్తూ వచ్చింది. స్కాట్లాండ్‌కు చెందిన బధిర తాళవాద్య కళాకారిణి ఎవలిన్ గ్లెన్నీ కూడా వేదిక మీద పాదరక్షలు లేకుండా నిలబడి నేల గుండా నాదాన్ని పట్టుకుంటారు. అయితే రెండు అభ్యంతరాలున్నాయి. ‘మూసి’ అన్న క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకూ), ‘వినిరి’ అన్న క్రియకూ కర్త ఒకరే కావాలి. ఇక్కడ విన్నది వారు, చెవులు మూసింది విధి. సమస్య అక్కడ విడిపోకుండా మిగిలిపోయింది. రెండోది నాకు మరీ ముఖ్యం: ‘శాపము’ వద్దు. నేస్తాలతో కలిసి నగరానికి వచ్చి, లక్షమంది మధ్య నిలబడి పాటను ఎదతో అందుకుంటున్న మనిషిని శాపగ్రస్తుడు అనడానికి మనసొప్పదు.

ఖమ్మం మాస్టారు: రెండూ అంగీకరిస్తున్నాను. కర్త ఎలా కుదురుతాడో ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటాను.

సూరత్‌లో ఉంటున్న ఒక అక్కయ్య: మాస్టారు గారి ఊహనే అందుకుంటున్నాను. మా బృందంలో వినికిడి లేని అబ్బాయి ఒకడున్నాడు. సూరత్ నుంచి అందరం కలిసే వెళ్ళాం. డ్రమ్స్ మోగినప్పుడల్లా వాడు ఇనుప కంచె మీద రెండు అరచేతులూ ఆనించి మా వైపు తిరిగి నవ్వేవాడు. చేతికి కట్టిన ఎల్‌ఈడీ పట్టీ రంగు మారితే, మాకన్నా ముందే చెయ్యెత్తేవాడు.

వినని మిత్రుఁడెట్లు వినుచుండునో యని
కంచె కెదనుఁ జేర్చి కదలకుండఁ
దోడివారు వ్రేళ్ళు దూర్చుకొనుచు నట్లె
చెవులు మూసి పాట చెలఁగి వినిరి

నిర్వాహకుడు: అక్కయ్యా, ఈ వారం పూరణల్లో ఇదే నాకు తలమానికం. కర్త కుదిరింది: మూసుకున్నదీ తోడివారే, విన్నదీ తోడివారే. సమస్యలోని వైరుధ్యం యంత్రంతోనో చలితోనో కాక స్నేహంతో విడిపోయింది. ‘ఎట్లు వినుచుండునో యని’ అన్న కుతూహలం మొదటి పాదంలోనే ఉండటంతో, చివరిదాకా చదివినవాడికి ‘చెలఁగి’ అన్న మాట పాదపూరణానికి వేసినట్టు అనిపించదు. మంద్రధ్వని ఇనుప కడ్డీని అదిలించడం కంచెకు ఆనుకుని నిలబడ్డ ఎవరికైనా అనుభవమే కాబట్టి ‘కంచె కెదనుఁ జేర్చి’ కూడా కల్పనగా లేదు. ఒక్క సూచన. ‘దూర్చుకొనుచు’ అంటే ఆ పని ఇంకా జరుగుతున్నట్టుంది. మరో ప్రతిలో ‘దూర్చుకొని’ వచ్చేలా సర్దగలరేమో చూడండి. కుదరకపోతే ఇలాగే ఉంచండి, దీన్ని పాడు చేయవద్దు.

వరంగల్ మిత్రుడు: అక్కయ్యా, మరి ఆ అబ్బాయి మీ పద్యం చదివాడా?

సూరత్ అక్కయ్య: చదివాడు. ‘కదలకుండ’ అన్నది అబద్ధం, మీరందరూ గంతులేశారు అని రాసి పంపాడు.

నిర్వాహకుడు: అయితే ఆ పాదానికి అసలైన విమర్శకుడు అతనే! సవరణ కూడా అతన్నే పంపమనండి, ‘క’ యతి తప్పకుండా. ఈ సమస్యకు పూరణలు ఆదివారం రాత్రి వరకు తీసుకుంటాను. సోమవారం నుంచి ఇదే ఛందస్సులో, ఇదే సందర్భానికి కొత్త పాదం:

పాట వినఁగఁ బోయి పాడినారు