వానాకాలంలో మంగలి కత్తికి తుప్పు పట్టకుండా దాచడం ఎలా?

మా తాతగారు వాడిన కార్బన్ స్టీలు మడత కత్తులు మూడు నా దగ్గర ఉన్నాయి. మిర్యాలగూడలో మా ఇల్లు సాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాలకు ఆనుకొని ఉండటంతో, జూలై నుంచి అక్టోబరు దాకా గోడలు సైతం చెమ్మగిల్లుతాయి. గడ్డం గీసుకున్న వెంటనే కత్తిని కడిగి, నూలుగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె పూసి, తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచాను. 10 రోజులకే అంచుకు 2 మిల్లీమీటర్ల ఎడంలో ఆవగింజంత గోధుమరంగు చుక్కలు తేలాయి. తోలు తేమను పట్టి ఉంచుతుందని గ్రహించి ఒర మానేసి, కుట్టుమిషన్ నూనె రాసి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టాను. ఇప్పుడు కత్తి అలుగు (బ్లేడు) నిగనిగలాడుతూనే ఉంది గానీ, పిడి చెక్కల నడుమ, మడత మేకు చుట్టూ మాత్రం తుప్పు ఆగడం లేదు. పాత మేకును ఊడదీయడం నాకు ఇష్టం లేదు. దానిని కదపకుండా ఆ సందులోని తడిని పూర్తిగా పోగొట్టే పద్ధతి ఏమిటి?