నీరు పోస్తున్న చమురు బావికి పాలిమర్: పొరలను విడదీయకుండా పంపవచ్చా?

రాతిపొర:
నీటి శాతం 90 దాటిన పాత చమురు బావిలో ప్యాకర్లతో, అంటే బావిలో బిగించే అడ్డుబిరడాలతో, పొరలను విడదీయకుండా, ట్యూబింగ్ గుండా పాలిమర్ ద్రావణాన్ని నేరుగా పంపి, అంటే బుల్‌హెడ్ చేసి, నీటిని అదుపు చేయవచ్చా అన్నది ఈ చర్చలోని ప్రశ్న. చేయవచ్చనే నా వాదన. ఈ పనికి వాడే పాలీఎక్రిలమైడ్ అనే పాలిమర్ గానీ దాని జెల్ గానీ రాతిలో చమురును ఆపేదానికంటే నీటిని ఎక్కువగా ఆపుతుందని ప్రయోగశాలల్లో రాతి నమూనాల మీద పదేపదే తేలింది. దీనికి బావి మరమ్మతులు చేసే వర్కోవర్ రిగ్ తేనక్కరలేదు కనుక ఖర్చు తక్కువ. అంత నీరు పోస్తున్న బావిలో పోగొట్టుకునేది కూడా పెద్దగా ఉండదు.

గోదావరిగట్టు:
రాతిపొర గారూ, చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. మిగిలిన ఆ పది శాతం కోసమే కదా బావిని నడుపుతున్నాము!

రాతి నమూనాలో కనిపించిన గుణం బావిలో ఫలించాలంటే చమురు ఒక పొర నుంచి, నీరు వేరొక పొర నుంచి రావాలి, ఆ రెండింటి మధ్య రాతిలో రాకపోకలు ఉండకూడదు. ఒకే పొర నుంచి రెండూ కలిసి వస్తుంటే, ద్రావణం చేరని దూరపు రాయి వాటిని ఏ నిష్పత్తిలో పంపుతుందో కొంతకాలానికి బావికి అదే నిష్పత్తిలో చేరతాయి; తగ్గేది మొత్తం ప్రవాహం మాత్రమే.

పొరలు వేరే అనుకుందాం. బావి వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, బావి ప్రభావం చేరే పరిధి 300 మీటర్లు, రెండు పొరల్లోనూ ద్రావణం చొచ్చుకుపోయిన దూరం 10 మీటర్లు, అడ్డంకి చమురుకు 2 రెట్లు, నీటికి 10 రెట్లు అని తీసుకుని రేడియల్ ప్రవాహ (చుట్టూ నుంచి బావి వైపు వచ్చే ప్రవాహ) సూత్రంలో వేస్తే, నీరు మునుపటిలో 16 శాతానికి పడిపోతుంది గానీ చమురు కూడా 63 శాతానికి దిగిపోతుంది.

పగుళ్ళ గుండా నీరు తోసుకువచ్చే బావుల సంగతి వేరు. చిక్కటి క్రోమియం జెల్ పగులులోనే నిలిచి, పక్క రాతిలోకి పెద్దగా చొరబడదు. న్యూమెక్సికో టెక్‌లో రాండీ సెరైట్ ఈ తేడాను దశాబ్దాలుగా వివరిస్తూ వచ్చారు. కేసింగ్ (బావి గోడకు దించే ఉక్కు గొట్టం) వెనుక సిమెంటు దెబ్బతిని నీరు దిగుతుంటే మాత్రం ముందు ఆలోచించవలసినది ఒత్తిడితో సిమెంటును లోపలికి నెట్టి పూడ్చే సిమెంట్ స్క్వీజ్ గురించే.

రాతిపొర:
లెక్క బాగుంది, కాని సగంలో ఆపారు. 10 పాళ్ళ చమురు, 90 పాళ్ళ నీరు ఇచ్చే బావి ఆ తరువాత 6.3 పాళ్ళ చమురు, 14.6 పాళ్ళ నీరు ఇస్తుంది. 100 పాళ్ళు తోడుతున్న పంపుకు 21 పాళ్ళే పని కనుక బావి అడుగు పీడనాన్ని ఇంకా దించి డ్రాడౌన్‌ను, అంటే రిజర్వాయర్ పీడనానికీ అడుగు పీడనానికీ మధ్య తేడాను, రెట్టింపు చేస్తే చమురు 12.6 పాళ్ళకు పెరుగుతుంది, నీరు సుమారు 29 పాళ్ళే అవుతుంది.

జెల్‌సీసా:
ప్రయోగశాల వైపు నుంచి ఒక మాట. మేము జెల్‌ను సీసా తలకిందులు చేసి పరీక్షిస్తాము. సైడాన్స్క్ పద్ధతిలో ఏ నుంచి జే వరకు స్థాయిలు ఉంటాయి: మధ్య స్థాయిల్లో జెల్ నాలుకలా మూతవైపు సాగుతుంది, జే స్థాయిలో సీసాను తడితే శృతిదండంలా కంపిస్తుంది. అయితే ఆ సీసాను బావి ఉష్ణోగ్రత వద్ద, ఆ బావి నీటితోనే, నెలల తరబడి ఉంచి చూడాలి. సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దాటితే మామూలు పాలీఎక్రిలమైడ్ జలవిశ్లేషణ (నీటితో చర్య జరిపి మారిపోవడం) వేగం పుంజుకుంటుంది, నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే జెల్ కుంచించుకుపోయి నీరు వదిలేస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని లోతైన, వేడెక్కువ గ్యాస్ బావుల గురించి ఇక్కడ కొందరు ఆశపడుతుంటారు. వాటికి సల్ఫోనేట్ మోనోమర్ కలిపిన పాలిమర్లను, పాలిమర్ గొలుసులను కలిపి జెల్‌గా మార్చే సేంద్రియ క్రాస్‌లింకర్లను పరిశీలించాలి. రాజస్థాన్‌లోని మంగళ చమురు క్షేత్రాన్ని ఉదాహరణగా చూపడం కూడా సరికాదు, ఎందుకంటే అక్కడ పాలిమర్‌తో చిక్కబరచిన నీటిని ఇంజెక్షన్ బావుల్లోకి పంపి చమురును నెడుతున్నారు, చమురు తోడే బావిలో నీటిని ఆపడం దానికి భిన్నమైన పని.

గోదావరిగట్టు:
రాతిపొర గారూ, డ్రాడౌన్ రెట్టింపు కావాలంటే ప్రస్తుత అడుగు పీడనం రిజర్వాయర్ పీడనంలో సగానికి పైగా ఉండాలి. పాత పంపింగ్ బావుల్లో చాలావాటికి ఆ అవకాశం మిగలలేదు, వదులు ఇసుకరాయి అయితే ఇసుక కూడా కదిలి వస్తుంది. మీరు అనుకుంటున్న బావిలో ఆ రెండు పీడనాలు ఎంత, ప్రొడక్షన్ లాగ్‌లో (ఏ లోతు నుంచి ఏది వస్తోందో కొలిచిన నమోదులో) నీరు ఏ పర్‌ఫరేషన్ల (కేసింగ్‌కు పెట్టిన రంధ్రాల) నుంచి వస్తున్నట్టు కనిపించింది? ఆ అంకెలు పెడితే పై లెక్కను ఆ బావికే కట్టి చూద్దాం.