ఎలుకలో ఎస్‌ఏఆర్: క్షేత్రం లెక్క 3, ఉష్ణోగ్రత లెక్క 2. తేడా ఎక్కడ?

900 మెగాహెర్ట్జ్ రివర్బరేషన్ చాంబర్ (రేడియో తరంగాలు లోహపు గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ పడే గది), బోనుకు ఒక ఎలుక, జీఎస్‌ఎం (2జీ మొబైల్) సిగ్నల్. శరీరం మొత్తానికి సగటు ఎస్‌ఏఆర్ (ఒంట్లో కిలో బరువు పీల్చుకునే రేడియో పవర్) కిలోకు 3 వాట్లు కావాలి (అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఎలుకలకు వాడిన 1.5, 3, 6లలో నడిమిది).

చాంబర్‌లో విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే డయోడ్ ప్రోబ్ రీడింగ్‌తో లెక్కేస్తే 3 వస్తోంది. ఉష్ణోగ్రతతో సరిచూస్తే 2 దాటడం లేదు.

ఉష్ణోగ్రత కొలిచే తీరు ఇదీ: 400 గ్రాముల ఎలుక కళేబరం పూర్తిగా గది వేడికి వచ్చాక, మలద్వారం గుండా 4 సెంటీమీటర్ల లోతున ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్. థర్మోకపుల్ పెడితే దాని తీగే యాంటెనా అయిపోతుంది. కిలోకు 3 వాట్లకు నిమిషానికి పెరిగేది 0.05 డిగ్రీలే, మా ప్రోబ్ పసిగట్టేది 0.1. అందుకే పవర్ పది రెట్లు పెంచి, స్టిరర్ (తరంగాలను కలియబెట్టే లోహపు రేకు) మూడు చుట్లు తిరిగేలా 60 సెకన్లు నడిపి, డిగ్రీలు/సెకను వాలును కణజాలం విశిష్టోష్ణమైన 3500 (కిలోకు, డిగ్రీకి జౌళ్లు)తో గుణించి పదితో భాగిస్తున్నాం. అంతకన్నా ఎక్కువసేపు నడిపితే వేడి చుట్టుపక్కలకు పాకి వాలు వంగిపోతోంది.

నా అనుమానాలు మూడు. లోపలి ఒక్క బిందువు సగటుకన్నా తక్కువ చూపుతోందా? అలాగైతే ప్రోబ్‌లు ఇంకెక్కడ గుచ్చాలి, లేక కళేబరాన్ని డ్యూవార్ ఫ్లాస్క్‌లో (వేడి బయటికి పోని పాత్ర) పెట్టి మొత్తం వేడిని కొలిచే కెలోరిమెట్రీయే మేలా? జీఎస్‌ఎంలో ఎనిమిది టైమ్ స్లాట్లకు ఒక్కటే వెలుగుతుంది కదా, డయోడ్ ప్రోబ్ ఆ పల్స్‌కు ఎక్కువ చూపుతోందా? పది రెట్ల దగ్గర యాంప్లిఫయర్ నొక్కుకుపోతోందా (అడిగినంత పవర్ ఇవ్వలేకపోతోందా)? ఈ చివరిది డైరెక్షనల్ కప్లర్ (చాంబర్‌లోకి వెళ్లే పవర్‌ను కొలవనిచ్చే భాగం)తో తేలిపోతుంది. మొదటి రెండింటికే దారి చెప్పండి.