ఈల్ పిల్లల్ని ఆడవిగా మార్చి పెంచడం: సీడ్ ఆదానా, హార్మోన్ మేతకు దొడ్డిదారా?

కైకలూరు_చెరువు
జపాన్‌లో ఐచి రాష్ట్ర మత్స్య పరిశోధన కేంద్రం చేసిన పని మీద ఇక్కడ తేల్చుకుందాం. ఫారంలో పెంచిన జపాన్ ఈల్, అంటే మన మలుగుపాముకి చుట్టం, నూటికి 90 పైగా మగదే అవుతుంది. ఎలుక తోకంత ఉన్నప్పటి నుంచీ మేతలో సోయా ఐసోఫ్లేవోన్, అంటే సోయాలో ఆడ హార్మోన్‌లా పనిచేసే పదార్థం, కలిపితే లెక్క తిరగబడి 90 శాతం పైగా ఆడవి అయ్యాయి. మామూలుగా సైజు ముదిరిన ఈల్ చర్మం, ముళ్లు గట్టిపడతాయి. ఈ ఆడవి రెట్టింపు బరువుకి వచ్చినా మాంసం మెత్తగానే ఉంటుందని వాళ్ల మాట. సీడ్, అంటే పెంచడానికి వేసే పిల్ల, దాదాపు మొత్తం సముద్రం నుంచి పట్టిందే కాబట్టి, ఒక్క పిల్ల నుంచి రెండు పిల్లల మాంసం వస్తే మంచిదే కదా? తిలాపియాకి మిథైల్ టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెట్టి మగవి చెయ్యడం అందరికీ అలవాటే. ఈల్ దగ్గరికొచ్చేసరికి పేచీ ఎందుకు?

గోనాడ్_స్క్వాష్
తిలాపియాతో పోలిక ఇక్కడ నిలబడదండీ. తిలాపియా పిల్లకి కేజీ మేతకు 60 మి.గ్రా. చొప్పున 21 నుంచి 28 రోజులు పెడతారు. అప్పటికి దాని బరువు గ్రాములోపే. తర్వాత నెలల తరబడి హార్మోన్ లేని మేతే తింటుంది. ఈల్‌కి లింగం తేలేది ఒళ్లు 20 నుంచి 30 సెం.మీ. పొడవుకి వచ్చాక. అప్పటిదాకా బీజకోశం ఎటైనా తిరగగలదు. కాబట్టి మందు వారాలు కాదు, నెలలు పెట్టాలి. మధ్యలో ఆపితే సగం అండాశయం, సగం వృషణంతో మిగిలేవి ఉంటాయి.

ఇంకో సంగతి. ఫారంలో మగవి ఎక్కువ కావడం జన్యువుల వల్ల కాదు. కిక్కిరిసిన ట్యాంకులు, 28 డిగ్రీల పైన వేడినీళ్లు, ఆ ఒత్తిడి కలిసి పిల్లని మగవైపు తోస్తాయి. పలచగా వేసి పెంచితే ఆడవి పెరుగుతాయి గానీ ఎంత శాతమో ఎవరూ హామీ ఇవ్వలేరు, కరెంటు బిల్లు మాత్రం తగ్గదు.

హైపోఫైసిస్
అసలు ఆడ ఈల్‌ని తయారు చెయ్యడం మొదలైంది తినడానికి కాదు, బ్రూడర్ల కోసం, అంటే గుడ్లు పెట్టించే తల్లి చేపల కోసం. ఎస్ట్రాడయోల్ అనే ఆడ హార్మోన్ కేజీ మేతకు 10 మి.గ్రా.: ఆల్కహాల్‌లో కరిగించి మేత పొడి మీద చల్లి, ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా నీడలో ఆరబెట్టి, అప్పుడు నీళ్లు, నూనె పోసి ముద్ద చేస్తారు. సరిగ్గా కలవకపోతే కొన్ని పిల్లలకి మోతాదు ముదురుతుంది. అలాంటివి ఎదగవు, కాలేయం ఉబ్బుతుంది, ఎందుకంటే ఎస్ట్రాడయోల్ తగలగానే కాలేయం గుడ్డు సొన ప్రోటీన్ తయారీకి దిగిపోతుంది, అది పిల్లయినా సరే.

ఆడది అయినంత మాత్రాన గుడ్డు రాదు. మెదడులో డోపమైన్ అడ్డు ఉంటుంది కాబట్టి బందీగా ఉన్న ఈల్ తనంతట తాను పరిపక్వం కాదు. వారానికోసారి సాల్మన్ పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) సారం, కేజీ బరువుకి సుమారు 20 మి.గ్రా., రెండు మూడు నెలలు పొడవాలి. పొట్ట నీరు పట్టి బరువు ఉన్నట్టుండి పెరిగాక, గుడ్డులో కేంద్రకం అంచుకి జరిగిందని మైక్రోస్కోపులో చూసి డీహెచ్‌పీ, అంటే గుడ్డుని ఆఖరుగా పండించే హార్మోన్, కేజీకి 2 మి.గ్రా. పొడవాలి. మగదానికి వారం వారం హెచ్‌సీజీ అనే హార్మోన్, గ్రాము బరువుకి 1 యూనిట్. డీహెచ్‌పీ కొన్ని గంటలు ఆలస్యమైతే గుడ్డు మురిగినట్టే. 1957లో కటక్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ పొడిచి కార్ప్‌ని గుడ్లు పెట్టించారు. ఆ పద్ధతి ఒకట్రెండు డోసుల్లో ముగుస్తుంది, ఈల్ దగ్గర ఇలా సాగుతుంది. జపాన్ 2010లో జీవితచక్రం ట్యాంకులోనే పూర్తి చేసినా, దాదాపు ఫారంలన్నీ ఇంకా సముద్రపు సీడ్ మీదే ఆధారపడుతున్నాయంటే ఇదీ ఒక కారణం.

ఫీడ్_లేబుల్
నాకు అభ్యంతరం ఎస్ట్రాడయోల్ మీద లేదు, ఎందుకంటే దాని సంగతి చట్టం తేల్చేసింది. యూరప్ 96/22 ఆదేశంలో తినే జంతువులకి అది నిషేధం. పిల్ల చేపలకి మొదటి మూడు నెలలు లింగం మార్చే మినహాయింపు ఉంది, అదీ మగ హార్మోన్ గుణం ఉన్న మందులకే. మరి సోయా? అందులోని జెనిస్టీన్ అనే ఐసోఫ్లేవోన్ పట్టుకునేది కణంలో ఆడ హార్మోన్‌ని అందుకునే అదే ఈస్ట్రోజన్ రిసెప్టార్‌ని. పని ఒకటే, పేరు మాత్రం ‘మేత దినుసు’.

కైకలూరు_చెరువు
సోయా చెక్క లేని చేప మేత ఏది సార్? రోజూ టోఫు తినే దేశం అది.

ఫీడ్_లేబుల్
చెక్కలో ఉండటం వేరు, లింగం తిరగబడే మోతాదు లెక్కగట్టి కలపడం వేరు. ఉద్దేశం మారింది కాబట్టి లేబుల్ కూడా మారాలి. తినేవాడికి ప్రమాదం అని నేను అనడం లేదు, టోఫు ముక్కలో ఉన్నంత కూడా ఈల్ కండలో మిగలకపోవచ్చు. నా గొడవ ట్యాంకు నుంచి బయటికి పోయే నీటితో. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని ఒక సరస్సులో 2001 నుంచి మూడేళ్లు గర్భనిరోధక మాత్రలోని ఈస్ట్రోజన్, లీటరుకి 5-6 నానోగ్రాములు కలిపితే అక్కడి చిన్న మిన్నో చేపలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. జెనిస్టీన్ దానికంటే చాలా బలహీనం, ఒప్పుకుంటాను. అయినా నెలల తరబడి మిగులు మేతతో కాలవలోకి పోతే కొలిచేదెవరు?

గోనాడ్_స్క్వాష్
నీళ్లు తిప్పి వాడే ట్యాంకులైతే ఆ సమస్య చాలావరకు ఫిల్టరు బురదలోకి చేరుతుంది. ఆ బురద పొలానికి వెళ్తుందా, కాలవకా అన్నదే ప్రశ్న.

‘సీడ్ ఆదా’ వాదన మీద నాకు అంతకంటే పెద్ద అనుమానం. కేజీకి 5,000 పిల్లలు తూగే ఈ సీడ్‌ని ఏడాదికి 21.7 టన్నులకి మించి వెయ్యకూడదని జపాన్ పరిమితి పెట్టింది. దొరికితే ఆ పరిమితి దాకా వేస్తారు. ఆడవి చేసినా వేస్తారు. పిల్లకి రెట్టింపు మాంసం వస్తే సముద్రంలో మిగిలే పిల్లలు పెరగవు, ఫారం ఆదాయం పెరుగుతుంది. పైగా మార్కెట్‌కి కావలసింది కేజీకి ఐదు తూగే సైజు. 400 గ్రాములకి పెంచాలంటే ట్యాంకు ఇంకొన్ని నెలలు కట్టుబడి ఉంటుంది. పరిమితిని మాంసం లెక్కన తగ్గిస్తేనే మీ వాదన నిలుస్తుంది.

కైకలూరు_చెరువు
పరిమితి సంగతి ఒప్పుకుంటున్నా, అది ప్రభుత్వం తగ్గించాల్సిందే. ఇంతకీ ట్యాంకులో ఎన్ని మారాయో ఎలా తెలుస్తుంది?

గోనాడ్_స్క్వాష్
30 సెం.మీ. దాటినవి కొన్ని కోసి చూడాలి, పైకి ఏమీ తెలియదు. బీజకోశం పేగుకి రెండు పక్కలా పొడవునా ఉంటుంది. ఆడదైతే కుచ్చులు పోసిన రిబ్బన్‌లా వెడల్పుగా, మగదైతే చిన్న చిన్న తమ్మెలు వరసగా. 1876లో ట్రియెస్టేలో కుర్ర ఫ్రాయిడ్, తర్వాత మనోవిశ్లేషణతో పేరుపడ్డాయనే, 400 ఈల్స్ కోసి వెతికింది ఈ తమ్మెల కోసమే. కంటికి ఆనకపోతే ముక్క గాజు పలక మీద పెట్టి ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి నొక్కండి, అండకణాలు గుండ్రంగా ఎర్రగా కనిపిస్తాయి. రెండూ కలిసి కనిపిస్తే మేత ఆలస్యంగా మొదలైందనో, ముందే ఆపారనో అర్థం.